ఒక్క రోజు పని

శనివారం పొద్దున్న మలేషియాలోని క్లాంగ్‌లో ఒక టిఫిన్ కొట్టు ముందు కూర్చుని తోసై ముక్కను సాంబారులో ముంచబోతున్న సాలమన్‌కి ఫోన్ మోగింది. "మంచు బంధువులు" గ్రూపులో ఎవరో వీడియో పెట్టారు. ఎడమ చేత్తో ఫోన్ తెరిచి చూశాడు. కుడిచేతిలోని ముక్క సాంబారులో పడిపోయింది, ఆయన దాన్ని మళ్ళీ తియ్యలేదు.

వీడియోలో ఉన్నది తనే. పోయిన శీతాకాలం జపాన్‌లో నీలం కోటు వేసుకుని స్కీల మీద మంచు వాలు దిగుతున్న తనే. ఆ వీడియో తను పెట్టుకున్నదే. అప్పుడు దానికింద దండాలు, చప్పట్లు, "సూపర్ పెదనానా" అనే మాటలు వరసగా వచ్చి పడ్డాయి. ఇప్పుడు మాత్రం అదే వీడియో నత్తనడక నడుస్తోంది. తన నడుము మీదుగా ఎవరో ఎర్రగీత గీశారు. మోకాళ్ళ దగ్గర ఇంకో గీత. మడమల చుట్టూ పెద్ద సున్నా చుట్టారు. దాని మీద ఒక ఆడపిల్ల గొంతు వినిపిస్తోంది.

"ఇక్కడ సూడు మార్విన్. నాన మళ్ళీ కూకుండిపోయినాడు. వాలు రాగానే కూకుంటాడు. సిన్నప్పుడు ఎస్టేట్లో వక్కమట్ట మీద కూకుని జారినాడు గదా, ఇంకా ఆ మట్ట దిగనేదు. బరువంతా మడమల మీదే. ముందుకి వాలితే అయిపోద్ది లా. ఇంకేటీ ప్రాబ్లం నేదు."

గొంతు సెరీనాది, మలేషియా వాళ్ళు మాట చివర తగిలించే ఆ "లా"తో సహా. సొంత కూతురిది.

సాలమన్‌కి ముందు తట్టిన ఆశ్చర్యం వేరు. ఇంట్లో తనతో ఇంగ్లీషు తప్ప మాట్లాడని పిల్ల ఇంత గడగడా తెలుగు మాట్లాడుతుందా! ఆ మట్ట కథ ఆమెకి తండ్రి నోటి వెంట తెలుగులోనే తెలుసు మరి, అందుకని తెలుగులోనే వచ్చింది. ఈ ఆశ్చర్యం తీరకముందే, తన తప్పు గురించి తనకి తెలియకుండా వీళ్ళు మాట్లాడుకుంటున్నారన్న రెండో సంగతి బుర్రకెక్కింది. మొహం మీద చన్నీళ్ళు కొట్టినట్టయింది. ఇంకోసారి చూద్దామని వేలు పెట్టేసరికి వీడియో లేదు. పంపిన తమ్ముడి కొడుకు మార్విన్ దాన్ని తీసేశాడు. నలభై కుటుంబాల గ్రూపులో గుడ్ మార్నింగ్ చెప్పేవాడు కూడా లేకుండా అందరూ చప్పుడు ఆపేశారు.

ఎదురుగా భార్య మాగ్డలీన్ కూడా ఫోనే చూస్తోంది. ఆమె మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నువ్వు సూసినావా?" అన్నాడు సాలమన్.

"కాఫీ సల్లారిపోతందండి," అంది మాగ్డలీన్.

ఆ జవాబుతో ఆయనకి సగం అర్థమైంది. మిగతా సగం అర్థం కాకూడదని కోరుకుంటూ లేచి కారు దగ్గరికి నడిచాడు.

ఈ సాలమన్ పుట్టింది బటాంగ్ బెర్జుంటై దగ్గరి రబ్బరు తోటల ఎస్టేటులో. పెరిగి పెద్దవాడై కువాలా సెలంగోర్ చేపల వ్యాపారులకి శీతల గదులు కట్టిపెట్టే పనిలో స్థిరపడ్డాడు. యాభై ఏళ్ళు దాటేదాకా ఆయన చూసిన మంచు అంతా ఆ గదుల గోడలకి పట్టినదే. నాలుగేళ్ళ కిందట చర్చి కుటుంబాలు కొన్ని కలిసి జపాన్ వెళితే సరదాకి తనూ వెళ్ళి, మొదటిరోజే స్కీయింగ్‌తో ప్రేమలో పడ్డాడు. ఇంటికొచ్చిన వారంలోనే గ్రూపు మొదలుపెట్టాడు. దానికి పేరు పెట్టిందీ, జనాన్ని చేర్చిందీ, పెద్దరికం చేసిందీ ఆయనే. ఆ ఎస్టేటు వెనక కాలవ గట్టు మీంచి వక్కమట్ట మీద కూర్చుని జారిన కథని ఆ గ్రూపులో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. "మంచు ఏటి, మట్టి ఏటి, జారుడు జారుడే" అనేవాడు. అందరూ అవునవునని చేతులు జోడించిన బొమ్మలు పెట్టేవారు.

గ్రూపు మంచిదే, కాదనను. కొత్తవాళ్ళకి అందులో జరిగే మర్యాద అంతా ఇంతా కాదు. రెండు జతల మేజోళ్ళు వేసుకోవాలా ఒకటి చాలా అని ఎవరైనా అడిగితే డజనుమంది ఎగబడి చెబుతారు. ఇక మార్విన్ లాంటి ఆరితేరినవాళ్ళు గాల్లోకి ఎగిరి తిరిగితే గ్రూపంతా టపాకాయలే. మధ్యలో ఉన్నవాళ్ళ గతే అడగకూడదు. పడిపోవడం మానేశారు, పైకి మాత్రం వెళ్ళలేకపోతున్నారు. వాళ్ళు ఏమడిగినా ఒకటే జవాబు, చప్పట్లు. చప్పట్లతో ఎవరి కాళ్ళకి ఏం తెలుస్తుంది?

సాలమన్ ఆ మధ్యలోనే ఇరుక్కుపోయాడు. జపాన్‌లో వాళ్ళు వెళ్ళే కొండ శిఖరం నుంచి వెనకవైపుగా చుట్టి ఊరిదాకా దిగే పొడవాటి దారి ఒకటుంది. సెరీనా ఏటా దాని మీంచి దిగుతుంది. సాలమన్ మాత్రం కొండ సగంలో ఉన్న టీ కొట్టు దాకానే. అక్కడికే తొడలు మండిపోయి, కాళ్ళు వణికి, కిటికీ పక్కన కూలబడేవాడు. పైనుంచి దిగుతూ కూతురు చెయ్యి ఊపితే లోపలి నుంచి తనూ ఊపేవాడు. ఏటా గ్రూపులో అడిగేవాడు, "పైనుంచి దిగాలంటే ఏటి సెయ్యాల?" అని. "మీకేం పెదనానా, సింహం" అని ఒకరు. "బూట్లు మార్చి చూడండి" అని ఒకరు. బూట్లు మార్చాడు. స్కీలు కూడా మార్చాడు. "ఈ వయసులో ఇంత చెయ్యడమే గొప్ప" అని ఇంకొకరు. చివరికి ఆ మాటే నమ్మాడు. వయసైపోయిందనుకున్నాడు.

కిందటి నెలలో మోకాలి డాక్టరు సూటిగా చెప్పేశాడు. అరుగుదల ఎక్కువగా ఉంది, ఈ శీతాకాలానికి ఫరవాలేదు, ఆ తర్వాత స్కీలు ఎవరికైనా ఇచ్చెయ్యండి అన్నాడు. అందుకని ఈసారి ఎలాగైనా ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, శిఖరం నుంచి ఊరిదాకా సెరీనాతో కలిసి దిగాలని సాలమన్ పట్టుబట్టాడు. విమానం టిక్కెట్లు కొనేశారు. ఎలా దిగాలో మాత్రం ఆయనకి తెలీదు.

తెలిసినవాళ్ళు ఇంట్లోనే ఉన్నారని ఈ పూటే తెలిసింది.

పెటాలింగ్ జయలో ఒక షాపింగ్ కాంప్లెక్స్ పై అంతస్తులో ఏటవాలు కార్పెట్ ఒకటుంది. అది కింది నుంచి పైకి కదులుతూ ఉంటుంది, మనిషి స్కీల మీద కిందికి జారుతూ ఉంటాడు. దాంతో ఉన్నచోటే ఉంటాడు. ఎదురుగా గోడంత అద్దం. మార్విన్ శని, ఆదివారాల్లో అక్కడ నేర్పుతాడు. శనివారం పూట గ్రూపులో సగంమంది అక్కడే ఉంటారు. వెనక మాగ్డలీన్‌తో సాలమన్ తలుపు తోసుకుని లోపలికి రాగానే బెంచీల మీద ఉన్నవాళ్ళంతా ఒక్కసారి లేచి నిలబడ్డారు. సెరీనా లేవలేదు. కూర్చున్నచోటే తల దించేసుకుంది.

మార్విన్ పరిగెత్తుకొచ్చాడు. "పెదనానా, సారీ లా. తప్పు గ్రూపులో పడిపోయినాది."

"తప్పు గ్రూపా?" అన్నాడు సాలమన్. "మరి సరైన గ్రూపు ఏటిరా?"

సాలమన్ చెయ్యి చాపాడు. పెదనాన్న చెయ్యి చాపితే ఇవ్వకపోవడం మార్విన్‌కి చేతకాదు, ఫోన్ తీసి ఆ చేతిలో పెట్టాడు.

గ్రూపు పేరు "జిమ్ టైమింగ్స్". ఏ పెద్దవాడికీ తెరిచి చూడాలని బుద్ధి పుట్టకుండా పెట్టిన పేరు. అందులో అందరూ ఉన్నారు, ఈ పెద్దాయన తప్ప. సాలమన్ నిలబడ్డచోటే వేలితో వెనక్కి జరుపుతూ పోయాడు. తన వీడియోలు. పోయినేటివి, ముందేటివి, ఆ ముందేటివి. ప్రతిదాని మీదా గీతలు, ప్రతిదాని కిందా వివరంగా మాటలు. ఎగతాళి ఉంటుందని గుండె బిగబట్టుకుని చదివాడు. అది లేకపోవడమే ఆయన్ని ఎక్కువ కుంగదీసింది. ఎంత శ్రద్ధగా చూశారు! ఏ మలుపులో ఏ కాలు ఆలస్యమైందో, తొడలు మండేది చలికి కాదు, వెనక్కి వాలడం వల్లేనని, అన్నీ రాశారు. ఆయన ఒక్కడికి తప్ప లోకమంతటికీ చెప్పారు.

అన్నిటికన్నా అడుగున, మొదటి ఏడాది మార్విన్ రాసిన మాట ఉంది.

"పెదనాన వెనక్కి కూకుంటన్నాడు. ఈజీ లా, ఒక్క రోజు పని. గానీ ఎవులు సెప్తారు?"

దానికింద సెరీనా రాసింది, "నాను సెప్పను." ఇంకా కింద, "నన్ను అడక్కండి." ఆ రెండోది మాగ్డలీన్.

సాలమన్ మెల్లగా వెనక్కి తిరిగాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన భార్యని అలా చూడటం అదే మొదటిసారి.

"నువ్వు కూడానా?"

మాగ్డలీన్ పర్సు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. "కారు పక్కకి ఆపండీ అన్నందుకు రెండు పూటలు అన్నం మానేసినారు మీరు. గుర్తుందా?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. సాలమన్‌కి అదేమీ వినపడలేదు. "ఒక్క రోజు పనా?" అన్నాడు. "నాలుగు సలికాలాలు ఆ టీ కొట్లో కూకున్నాను. ముసిలోన్నైపోయినాననుకున్నాను. మీకందరికీ తెలుసునా? సూస్తా కూకున్నారా?"

"సెప్పినోడు ఉన్నాడు గదండి," అంది మాగ్డలీన్. "తినగరన్ సెప్పినాడు."

"తినగరన్ ఎవుడు?"

హాల్లో ఉన్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఈ ప్రశ్నకి వాళ్ళు నిజంగా విస్తుపోయారు. ఎవరి కథ తలుచుకుని నాలుగేళ్ళుగా నోళ్ళు కట్టుకున్నారో, ఆ మనిషి పేరే ఈయనకి గుర్తులేదు.

మార్విన్ చెప్పాడు. తినగరన్ అతని స్నేహితుడు, ఇన్సూరెన్స్ ఆఫీసులో పని, తమిళవాళ్ళ అబ్బాయి. మొదటి ఏడాది సాలమన్ వీడియో కింద అందరూ సూపర్, సూపర్ అంటుంటే అతను ఒక్కడూ "అంకుల్, మీరు వెనక్కి కూర్చుంటున్నారు, బొటనవేళ్ళ మీదికి బరువు తెచ్చి చూడండి" అని రాశాడు. "నువ్వు పుట్టకముందే నేను ఎస్టేట్‌లో జారినవాణ్ణి" అని సాలమన్ జవాబిచ్చి, ఆ నిమిషమే అతన్ని గ్రూపులోంచి తీసేశాడు. అంతటితో ఆగలేదు. పెద్దల వీడియోల కింద మర్యాదగా రాయాలి అని ఒక నియమం రాసి, గ్రూపు నెత్తిన అంటించాడు.

"అది ఇంకా అక్కడే ఉంది పెదనానా," అన్నాడు మార్విన్.

సాలమన్ తన ఫోన్ తీసి చూశాడు. నిజమే, ఉంది. రోజూ గ్రూపు తెరిచినప్పుడల్లా దాని మీంచే కిందికి జారాడు. తను రాసిన మాటలే, ఎవరో పరాయివాడు తన మీద పగబట్టి రాసినట్టు అనిపించాయి. బెంచీ మీద కూతురి పక్కన కూలబడ్డాడు.

సెరీనా తల ఎత్తకుండానే, ఈసారి తండ్రితోనూ తెలుగులోనే, అంది. "నాను సెప్పాలనే వచ్చినాను నానా. పోయినేడు టీ కొట్లోకి. నువ్వు కిటికీ కాడ కూకుని నవ్వుతున్నావు. ఈ వయసుకి ఇదే ఎక్కువమ్మా అన్నావు. అట్టా అన్నాక ఎలాగ సెప్పను?"

ఏడుపు ఆపుకోలేక ముక్కు తుడుచుకుంది. సాలమన్ ఆమె తల మీద చెయ్యి వేశాడు, కోపం ఎటు పోయిందో తెలీలేదు. కాసేపటికి వంగి చెప్పులు విప్పాడు.

"బూట్లు తేరా మార్విన్. ఒక్క రోజు పనన్నావు గదా, ఆ రోజు ఇదే."

కార్పెట్ మీద నీళ్ళు చల్లి మీట నొక్కారు. సాలమన్ జారడం మొదలుపెట్టాడు. అద్దంలో చూసుకుంటే తను కూర్చుని ఉన్నాడు. కుర్చీ లేకుండా కుర్చీలో కూర్చున్నట్టు. ఇంతకాలం తన కళ్ళకి ఇది కనపడలేదా అని దిమ్మతిరిగిపోయింది.

పక్కన నిలబడి మార్విన్ మొదలుపెట్టాడు. "పెదనానా, మీరు ఏటీ అనుకోకపోతే, కొంచెం, మీకు వీలైతేనే, అంటే మోకాళ్ళు నొప్పి నేకపోతే..."

మర్యాదంతా పూర్తయ్యేసరికి పెదనాన్న కార్పెట్ మీద వెల్లకిలా పడ్డాడు.

"మర్యాద సాయంత్రం సేద్దువుగాని," అన్నాడు సాలమన్ లేస్తూ. "ముందు సంగతి సెప్పు!" మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ అదే జరిగింది. ఈసారి మార్విన్ "పెదనానా" దగ్గరే ఆగిపోయాడు. సెరీనా లేచి వచ్చింది. "నానా" అంది. ఆమె కూడా అక్కడే ఆగిపోయింది. ఆ పిలుపు నోట్లోకి వచ్చాక తర్వాత రావలసిన మాట గొంతు దాటలేదు. సాలమన్ తొడలు అప్పుడే మంటెక్కుతున్నాయి, మడమలు మళ్ళీ బరువెక్కుతున్నాయి, అద్దంలో ఆ మనిషి మళ్ళీ మట్ట మీద కూర్చుంటున్నాడు.

"సాలమన్! ముందుకి!"

హాలంతా కొయ్యబారిపోయింది. మాగ్డలీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ ఇంట్లో ఆయన్ని పేరెట్టి పిలిచినవాళ్ళు లేరు. పెళ్ళాం పిలవలేదు, తమ్ముళ్ళు పిలవలేదు. ఇప్పుడు కడుపున పుట్టిన కూతురు పదిమందిలో అరిచింది.

సాలమన్ ఉలిక్కిపడ్డాడు. ఎవరది అని మెడ ముందుకి చాచాడు. మెడతో పాటు ఛాతీ వచ్చింది, ఛాతీతో పాటు నడుము వచ్చింది, కాళ్ళ ముందు ఎముకలు బూట్ల ముందుభాగానికి ఆనుకున్నాయి. బరువు బొటనవేళ్ళ మీదికి దిగింది. అంతే. కాళ్ళ కింద పెనుగులాడుతున్న స్కీలు చెప్పినమాట వినడం మొదలుపెట్టాయి. ఎడమకి అనుకుంటే ఎడమకి, కుడికి అనుకుంటే కుడికి. తొడల్లో మంట లేదు. ఆయనకి భయమేసింది, అంత సులువుగా ఉంది.

"సాలమన్, అలాగే ఉండు! కూకోకు!" సెరీనా ఏడుస్తూనే అరుస్తోంది. "ముందుకి! ముందుకి! అదీ!"

మీట ఆపేశారు. కార్పెట్ నిలబడిపోయింది. సాలమన్ స్కీల మీదే నిలబడి అద్దంలోకి చూస్తూ ఉండిపోయాడు.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే నానా," అంది సెరీనా.

"ఇంతేనా?" ఈసారి మార్విన్ని అడిగాడు. మార్విన్ తల ఊపాడు. సాలమన్ బెంచీ దాకా వచ్చి కూర్చుని, బూటు పట్టీలు విప్పడానికి వంగి, వంగినవాడు లేవకుండా ఏడ్చాడు. సంతోషమో దుఃఖమో చుట్టూ ఉన్నవాళ్ళకి తెలీలేదు. ఆయన ఏడ్చింది పోయిన శీతాకాలాల కోసం. మోకాళ్ళు బాగున్నప్పుడే ఈ మాట చెవిన పడుంటే, కూతురితో ఎన్నిసార్లు దిగేవాడో. ఇప్పుడు ఒక్కటే మిగిలింది.

"ఈసారి టీ కొట్లో కూకోవు," అంది సెరీనా పట్టీలు తనే విప్పుతూ. "పైకి వస్తావు."

అక్కడి నుంచి కదలకముందే సాలమన్ గ్రూపు నెత్తిన ఉన్న నియమాన్ని పీకేశాడు. తినగరన్ నంబరు అడిగి తీసుకున్నాడు. ఏం రాయాలో తెలీక చాలాసేపు ఫోన్ పట్టుకుని కూర్చుని, చివరికి "తమ్మీ, నువ్వు చెప్పింది నిజం. మళ్ళీ రా" అని రాసి గ్రూపులో చేర్చుకున్నాడు. కార్పెట్ మీద తను జారిన కొత్త వీడియో పెట్టి, "దండాలొద్దు, చప్పట్లొద్దు. తప్పు ఏటో సెప్పండి" అని రాశాడు.

ఎవరూ ఏమీ రాయలేదు. మధ్యాహ్నమంతా ఎవరో ఒకరు టైప్ చేస్తున్నట్టు కనపడటం, మాయమవడం. నలభై కుటుంబాల్లో ఒక్కరికీ ధైర్యం చాలలేదు. అలవాటుపడ్డ వేళ్ళు మరి, దండం తప్ప ఇంకోటి నొక్కడం రాదు.

సాయంత్రం సాలమన్ వంటింట్లో టీ తాగుతుంటే ఫోన్ మోగింది. తినగరన్.

"అంకుల్, ఇప్పుడు బాగా ముందుకి వచ్చారు. ఎడమ చెయ్యి మాత్రం వేలాడుతోంది."

సాలమన్ మొహం ఎర్రబడింది. చెవులు వేడెక్కాయి. ఏడ్చి, పశ్చాత్తాపపడి, నియమం పీకేసి ఇంకా ఒక పూట కాలేదు. అయినా ఆయన బొటనవేలు దానంతటదే, మళ్ళీ గ్రూపులోంచి తీసెయ్యడానికి, తినగరన్ పేరు మీదికి వెళ్ళి ఆగింది. స్టవ్ దగ్గర నిలబడ్డ మాగ్డలీన్ అది చూసి ఊపిరి బిగబట్టింది.

సాలమన్ ఫోన్ బోర్లించి పెట్టాడు. లేచి వంటింటి పలకల మీద కాళ్ళు దూరంగా పెట్టి, స్కీల మీద నిలబడ్డట్టు నిలబడ్డాడు. మోకాళ్ళు వంచాడు. బొటనవేళ్ళ మీదికి బరువు తెచ్చాడు. తర్వాత తల వంచి ఎడమ చేతికేసి చూశాడు. అది తొడ పక్కన చచ్చినట్టు వేలాడుతోంది.

"మాగ్డలీన్," అన్నాడు చేతి మీంచి చూపు తిప్పకుండా. "ఇది ఎన్నాళ్ళనించి ఏలాడతంది?"

మాగ్డలీన్ స్టవ్ ఆపింది.

"మొదటేడు నించీనండి," అంది.